దేవరాపల్లి అరుగు మీద సీఆర్వో

కంటితో చూసే యంత్రం గురించి ఇప్పుడు నేను రేడియోలో, చెవికి చెప్పాలి. కొంచెం చిక్కే. అందుకని మీరొక సాయం చెయ్యండి. దగ్గర్లో పాత క్యాలెండరు కాగితం ఉంటే వెనక్కి తిప్పి, అడ్డంగా పది గళ్లు, నిలువుగా ఎనిమిది గళ్లు గీయండి. కాగితం లేనివాళ్లు అరచేతి మీద ఊహించుకోండి. ఈ కాసేపూ మన తెర అదే.

మొన్న దసరా సెలవులకి మా అక్క కొడుకు దేవరాపల్లి వచ్చాడు. డిప్లొమా రెండో సంవత్సరం, ఎలక్ట్రానిక్స్. ఆటో దిగి రెండు చేతులా గోనెసంచి మోసుకొస్తుంటే, అనకాపల్లి మీదుగా వచ్చాడు కదా, బెల్లం దిమ్మ అనుకుంది వాళ్లమ్మ. సంచి విప్పితే ఇనపపెట్టె. ముందు భాగంలో అరచెయ్యంత గాజు తెర, పక్కన బోలెడు నాబులు. విశాఖలో పాత సామాన్ల కొట్టులో బేరమాడి తెచ్చాడట. ఆసిలోస్కోపు. డోలనదర్శిని అని తెలుగు చెయ్యొచ్చు గానీ మన ల్యాబుల్లో అందరి నోటా వినపడేది సీఆర్వో అనే. కాథోడ్ రే ఆసిలోస్కోపుకి అది ముద్దుపేరు.

"ఏటిరా ఇది, పాత టీవీయా?" అంది మా అక్క.

ఆవిడ అన్నది సగం నిజం. పాత డబ్బా టీవీలో ఉండే పిక్చర్ ట్యూబూ, దీన్లో ఉండే ట్యూబూ ఒక తల్లి పిల్లలే. ఆ తల్లిని 1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారు చేశాడు. ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందని థామ్సన్ అనే శాస్త్రవేత్త తేల్చింది కూడా ఆ ఏడాదే. ట్యూబు వెనక నుంచి సన్నటి ఎలక్ట్రాన్ ధార వచ్చి తెరకి పూసిన పదార్థానికి తగులుతుంది. తగిలిన చోట వెలుగుతుంది. టీవీలో ఆ ధారని అటూ ఇటూ తిప్పేవి మెడకి చుట్టిన తీగచుట్టలు. సీఆర్వోలో తిప్పేవి ట్యూబు లోపలి రెండు జతల రేకులు. ఒక జత పైకీ కిందకీ వంచుతుంది, రెండోది ఎడమ నుంచి కుడికి జరుపుతుంది. యంత్రమంతా ఇంతే. ఆ ఇరవై ముప్పై నాబులూ ఈ రెండు జతల రేకుల చుట్టూ ఊడిగం చేసేవే.

మావాడు దాన్ని అరుగు మీద పెట్టి, స్విచ్చేసి, అరగంట కుస్తీ పట్టాడు.

"మావయ్యా, దేన్ని తిప్పినా ఏదో ఒకటి మాయమైపోతోంది."

"ల్యాబులో ఎలా చేస్తారురా?"

"ల్యాబులో సారు ముందే పెట్టి ఉంచుతారు. మేం చూసి రికార్డులో గీసేస్తాం."

వాడి తప్పేం లేదు. ముప్పై మందికి రెండు సీఆర్వోలు ఉన్నచోట ఇంకేం జరుగుతుంది? నేను నేర్చుకున్న రోజుల్లోనూ అదే తంతు. నాబు ముట్టుకుంటే చేతి మీద దెబ్బ పడేది. అందుకే వాడికి ముందు నేను చెప్పింది ఒకటే. అన్నీ తిప్పు. ఈ నాబుల్లో దేన్ని ఎటు తిప్పినా పెట్టె పాడవదు. పాడుచేసేవి రెండే ఉన్నాయి. ఒకటి, వెలుగుచుక్కని కదలకుండా ఒకే చోట మండించి వదిలెయ్యడం. అలా వదిలితే తెర మీద మచ్చ పడిపోతుంది. రెండోదాని గురించి కాసేపట్లో చెబుతాను. అది పెట్టెనే కాదు, మనిషిని కూడా పాడు చేస్తుంది.

గీత కనబడకపోతే ఏం చెయ్యాలి? ఇంటెన్సిటీ నాబు సగానికి పెంచాలి. కప్లింగ్ మీట గ్రౌండ్ దగ్గర పెట్టాలి. అంటే బయటి నుంచి ఏదీ రాకుండా తలుపు వేసుకున్నట్టు. ట్రిగ్గర్ మోడ్ ఆటోలో ఉంచి, పొజిషన్ నాబుని నెమ్మదిగా ఇటూ అటూ తిప్పాలి. నూటికి తొంభై పాళ్లు గీత అక్కడే, తెర పైనో కిందో దాక్కుని ఉంటుంది. దాన్ని తెచ్చి మధ్య గీతకి ఆనించి, ఫోకస్‌తో సన్నం చేసుకుంటే అదే మన సున్నా. ఇక తలుపు తియ్యొచ్చు.

ఇంతకీ దీంతో ఏం చూస్తాం? మల్టీమీటరు ఉంది కదా అని చాలామంది అడుగుతారు. మా ఊరి పక్కనే రైవాడ జలాశయం ఉంది. గట్టు మీద నిలబడి కొలబద్ద చూస్తే నీటిమట్టం ఎంతో తెలుస్తుంది. రాత్రి ఎన్ని గంటలకి పెరిగింది, ఎంతసేపట్లో పెరిగింది, మధ్యలో తగ్గి మళ్లీ పెరిగిందా అంటే కొలబద్ద ఏం చెబుతుంది? గంటగంటకీ రాసిపెట్టిన పుస్తకం కావాలి. మల్టీమీటరు ఆ కొలబద్ద. సీఆర్వో ఆ పుస్తకం. తేడా ఏమిటంటే, ఇది గంటకోసారి కాదు, సెకనులో పది లక్షల వంతులో జరిగింది కూడా రాసి చూపిస్తుంది.

పుస్తకం చదవడానికి రెండు నాబులు చాలు. వోల్ట్స్ పర్ డివిజన్ అనేది నిలువు గడి ఒక్కోటి ఎన్ని వోల్టులో చెబుతుంది. టైమ్ పర్ డివిజన్ అనేది అడ్డ గడి ఒక్కోటి ఎంత కాలమో చెబుతుంది. మీ క్యాలెండరు కాగితం తీయండి. మన ఇళ్లకి వచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. అంటే ఒక్క ఊపుకి 20 మిల్లీసెకన్లు. టైమ్ నాబు 5 మిల్లీసెకన్ల దగ్గర పెడితే ఒక అల నాలుగు గళ్లలో పడుతుంది. పది గళ్ల తెర మీద రెండున్నర అలలు. నిలువుకొస్తే, 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు తీసుకోండి. తెర మీద అది 12 కనబడదు. శిఖరం 17 వోల్టుల దగ్గరుంటుంది, శిఖరం నుంచి లోయకి 34. గడికి 5 వోల్టులు పెడితే దాదాపు ఏడు గళ్లు నిండుతాయి. మావాడు ఇక్కడ జడుసుకున్నాడు, ట్రాన్స్‌ఫార్మరు పాడైందని. పాడవలేదు. మీటరు చెప్పే 12, శిఖరం ఎత్తు కాదు. అంతే వేడి పుట్టించే డీసీతో పోల్చి చెప్పే లెక్క అది. మన ఇంటి 230 వోల్టుల కరెంటు కూడా అంతే. శిఖరం దగ్గర అది 325 వోల్టులు.

230 అన్నాను కాబట్టి ఇందాక దాచిన రెండో సంగతి ఇప్పుడు చెప్పాలి. సీఆర్వోకి ప్రోబు అని ఒక తీగ ఉంటుంది. చివర ముల్లు, పక్కన మొసలినోరులాంటి చిన్న క్లిప్పు. ఆ క్లిప్పు లోపల్నించి నేరుగా ఇంటి ఎర్తుకి కలిసి ఉంటుంది. నేను కుర్రాడిగా పనిలో చేరిన కొత్తలో, స్విచ్‌బోర్డులో కరెంటు ఎలా ఉంటుందో చూద్దామని ఆ క్లిప్పు తీసుకెళ్లి ఫేజు తీగకి తగిలించాను. ఢామ్మంది. ఫ్యూజు ఎగిరింది. క్లిప్పు నోరు సగం కరిగి నా బూటు మీద పడింది. ఒక పెద్దాయన వచ్చి, తిట్టకుండా, ఎర్తు పిన్ను తీసేసి వాడుకుంటే ఇలా అవదని సలహా ఇచ్చి వెళ్లాడు. దయచేసి ఆ సలహా ఎవరూ పాటించకండి. ఎర్తు పిన్ను తీసేస్తే ఫ్యూజు ఎగరదు నిజమే. దానికి బదులు సీఆర్వో ఇనపపెట్టె మొత్తం ఫేజు అయి కూర్చుంటుంది. ముట్టుకున్నవాడే ఎర్తు. ఇంటి కరెంటుని, వ్యవసాయ మోటారు స్టార్టరుని నేరుగా సీఆర్వోతో చూడొద్దు. చూడాలనిపిస్తే మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, దాని రెండో వైపున 6 వోల్టులో 12 వోల్టులో చూడండి. అల ఆకారం తెలుసుకోవడానికి అది చాలు.

ఇప్పుడు అసలు పాఠం. నా లెక్కలో సీఆర్వో నేర్చుకోవడమంటే ట్రిగ్గర్ నేర్చుకోవడమే. మిగతావన్నీ ఒక పూటలో వస్తాయి.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల చెరుకు గానుగలు ఎద్దులతో తిప్పేవారని మా చిన్నప్పుడు మా తాతయ్య చెప్పేవాడు. ఎద్దు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మీరు కళ్లు మూసుకుని, తోచినప్పుడల్లా ఒక్క క్షణం తెరిచి మూశారనుకోండి. ఒకసారి ఎద్దు కుడివైపున, ఒకసారి ఎడమన, ఒకసారి తోక, ఒకసారి కొమ్ములు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం. అదే, ఎద్దు పాక గుంజ దాటిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణానే కళ్లు తెరిచారనుకోండి. ఎద్దు ఎప్పుడూ ఆ గుంజ దగ్గరే నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. ఎద్దు ఆగలేదు. మీరు చూసే వేళ కుదిరింది.

సీఆర్వోలో వెలుగుచుక్క తెర మీద ఎడమ నుంచి కుడికి పరిగెత్తి, మళ్లీ ఎడమకి వచ్చి, మళ్లీ పరిగెడుతుంది. ప్రతి పరుగూ అలలో ఒకే చోట మొదలైతే గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అల నిలబడుతుంది. వేరువేరు చోట్ల మొదలైతే ఈగల గుంపులా కదిలిపోతుంది. ట్రిగ్గర్ లెవెల్ నాబు మన గుంజ. అల ఎన్ని వోల్టులు దాటినప్పుడు పరుగు మొదలవ్వాలో అది చెబుతుంది. స్లోప్ బొత్తాం, ఎక్కుతూ దాటినప్పుడా దిగుతూ దాటినప్పుడా అని చెబుతుంది. సోర్స్ మీట, అల లోపలికొచ్చే దారుల్లో, అంటే ఛానళ్లలో, దేన్లో ఎద్దుని చూడాలో చెబుతుంది. లెవెల్ నాబు అల శిఖరం కంటే పైకి పెట్టేస్తే గుంజ గానుగకి బయట పాతినట్టు. ఎద్దు దాన్ని ఎప్పటికీ దాటదు. మావాడి అరగంట కుస్తీ అంతా అక్కడే. వాడు చూస్తున్నది ఛానల్ ఒకటి, సోర్స్ మీట ఉన్నది ఛానల్ రెండు మీద.

తొలినాళ్ల స్కోపులకి ఈ ట్రిగ్గర్ సరిగా ఉండేది కాదు. పరుగు వేగాన్ని చేత్తో సర్ది అలకి జత కలపాల్సి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946లో అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలో హోవర్డ్ వోలమ్, జాక్ మర్డాక్ అనే ఇద్దరు టెక్‌ట్రానిక్స్ కంపెనీ పెట్టారు. మరుసటి ఏడాది వాళ్లు తెచ్చిన 511 అనే స్కోపు, అల రాగానే పరుగు మొదలుపెట్టే పద్ధతిని ల్యాబు బల్ల మీదికి తెచ్చింది. అప్పటి నుంచే స్కోపు కొలిచే సాధనంగా గట్టిపడింది.

మనకూ ఈ తెరతో పాత చుట్టరికం ఉంది. వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళా పరిషత్తు భౌతికశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావుగారి నాయకత్వాన అయనోస్ఫియరు అనే ఆకాశపు పైపొర మీద పరిశోధనలు జరిగాయి. అయనోస్ఫియరుని కొలిచే పద్ధతి వినడానికి చాలా తేలిక. రేడియో తరంగాన్ని చిన్న తునకగా ఆకాశంలోకి వదులుతారు. పైపొర తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని తెర మీద పట్టుకుంటారు. రెండు గుర్తుల మధ్య ఎంత కాలమో చూస్తే ఎత్తు తెలిసిపోతుంది. మూడు వందల కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి రావడానికి పట్టేది 2 మిల్లీసెకన్లు. ఇందాకటి మన కాగితం మీద అర గడి కూడా కాదు.

సరే, అరుగు మీదికి వద్దాం.

ఏదైనా చూపించమని మావాడు గొడవ. మా అక్క రేడియో ఉంది. బ్యాటరీలు దండగని ఎలిమినేటరు మీద నడుపుతుంది. కొన్నాళ్లుగా పాట వెనకాల గుంయ్‌మని మోత. మెకానిక్కుకి చూపిస్తే మల్టీమీటరు పెట్టి, ఆరు వోల్టులూ వస్తున్నాయి, ఎలిమినేటరు బాగుంది, రేడియోయే మార్చండన్నాడట. మెకానిక్కుని తప్పుపట్టను. కొలబద్ద ఆరని చెబితే ఆరనే అంటాడు.

ఎలిమినేటరులో ట్రాన్స్‌ఫార్మరు ఉంది కాబట్టి దాని డీసీ వైపు క్లిప్పు తగిలించడంలో భయం లేదు. క్లిప్పు నెగటివ్‌కి, ముల్లు పాజిటివ్‌కి. మొదట కప్లింగు డీసీలో పెట్టాం. గీత ఆరు వోల్టుల ఎత్తుకి లేచింది. పైన ఏదో రంపపు పళ్లలా కనబడుతోంది. ఇప్పుడు మీట ఏసీకి మార్చాం. ఏసీ అంటే, స్థిరంగా ఉన్నదాన్ని పక్కకి తోసేసి ఊగేదాన్ని మాత్రమే లోపలికి రానిచ్చే తలుపు. గీత మధ్యకి దిగింది. గడికి ఒక వోల్టు పెట్టాం. రంపపు పళ్లు రెండు గళ్లకి పైగా ఎత్తున్నాయి. ఆరు వోల్టుల సరఫరాలో రెండు వోల్టులకి పైగా వణుకు! స్పీకర్లో మోగేది అదే.

"పన్నుకి పన్నుకి మధ్య ఎన్ని గళ్లురా?"

"గడికి 5 మిల్లీసెకన్లు... రెండు గళ్లు. పది మిల్లీసెకన్లు. అంటే సెకనుకి వంద."

"కరెంటు యాభై కదా?"

వాడు కాసేపు తెర వంక చూశాడు. తర్వాత మొహం వెలిగింది. ఎలిమినేటరులో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు నాలుగూ పని చేస్తుంటేనే అలకి రెండు అర్ధభాగాలూ పైకి వచ్చి వంద అవుతుంది. ఒక డయోడు పోయి ఉంటే పళ్లు నాలుగేసి గళ్లకి ఒకటి వచ్చేవి, సెకనుకి యాభై. ఇవి వంద ఉన్నాయి. డయోడ్లు బాగున్నాయి. ఇక మిగిలింది ఆ పళ్ల మధ్య గుంటలు పూడ్చాల్సిన కెపాసిటరు. ఎండిపోయింది. కొట్టుకెళ్లి 1000 మైక్రోఫారాడ్, 25 వోల్టులది తెచ్చి, మైనస్ గుర్తు చూసి టంకం వేశాం. వణుకు అర గడి లోపుకి దిగింది. మోత పోయింది. రేడియో మార్చనవసరం లేకుండా పోయినందుకు మా అక్క సీఆర్వో మీద కోపం తగ్గించుకుని, అరుగు మీద దానికో పాత తువ్వాలు కప్పింది.

మర్నాడు ఇన్వర్టరు వంతు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. కరెంటు లేని ఆ చీకటి రోజులు గడిచాక మా వీధిలో చాలా ఇళ్లలో ఇన్వర్టర్లు వెలిశాయి. చవక రకం ఇన్వర్టరు మీద ఫ్యాను ఎందుకు మూలుగుతుందో ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో పెట్టి చూస్తే తెర చెప్పేస్తుంది. అక్కడ అల ఉండదు. మెట్లుంటాయి. నిలువుగా ఎక్కి, కాసేపు ఆగి, నిలువుగా దిగే మెట్లు. ఇంకో తమాషా. చవక మల్టీమీటరు నున్నటి అలనే లెక్కలో పెట్టుకుని తయారైంది. పూర్తి చదరపు అలని ఇస్తే ఉన్నదానికంటే 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. 230 ఉన్నచోట 255 అంటుంది. మీటరు చూసి ఇన్వర్టరుని తిట్టిన వాళ్లని నేనెరుగుదును.

ఇప్పుడు కుర్రాళ్లకి ఒక మాట. ఈ రోజుల్లో డబ్బా సీఆర్వోల స్థానంలో డిజిటల్ స్కోపులు, డీఎస్వోలు వచ్చాయి. తేలిక, మంచివి. వాటి మీద ఆటోసెట్ అని ఒక బొత్తాం ఉంటుంది. నొక్కగానే అన్నీ అదే సర్దేస్తుంది. మొదటి నెల దాని మీద టేపు అంటించెయ్యండి. ల్యాబులో సారు ముందే పెట్టి ఉంచడానికీ దీనికీ తేడా ఏముంది?

రెండు మూడు వేలకి దొరికే చిన్న స్కోపు కిట్లు కూడా ఉన్నాయి. మావాడి స్నేహితుడి దగ్గర ఒకటుంది. ఎలిమినేటరు వణుకు చూడటానికి భేషుగ్గా పనికొస్తుంది. కానీ దానికి హద్దుంది. అది సెకనుకి పది లక్షల సార్లే కన్ను తెరుస్తుంది. మన విశాఖ రేడియో కేంద్రం మీడియం వేవ్ మీద 927 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకి తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల ఊపులు. పాత సినిమాలో జట్కా చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడేది గుర్తుందా? ఆ కిట్టుకి మన తరంగం చూపిస్తే అదే జరుగుతుంది. తెర మీద చక్కటి, నున్నటి, నిలకడైన అల కనబడొచ్చు, 73 కిలోహెర్ట్జ్ అని. ఆ అల ఎక్కడా లేదు. పది లక్షలకీ తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేలకీ ఉన్న తేడా అది. మావాడి పాత ఇనపపెట్టె 20 మెగాహెర్ట్జ్‌ది. గడికి అర మైక్రోసెకను పెడితే దాని తెర మీద మన 927 నాలుగున్నర అలలుగా నిజంగానే నిలబడుతుంది.

ప్రోబు సంగతి ఒకటి మిగిలింది. ప్రోబు మీద ఒకటి, పది అని చిన్న మీట ఉంటుంది. పదిలో పెడితే సంకేతం పదో వంతే లోపలికి వెళుతుంది, చూసే సర్క్యూటు మీద బరువు తగ్గుతుంది. చదివినదాన్ని పదితో హెచ్చవేయాలి. పదిలో వాడేముందు, పెట్టె ముందున్న చిన్న కొక్కేనికి ముల్లు తగిలిస్తే చదరపు అల వస్తుంది. దాని మూలలు గుండ్రపడినా, కొమ్ముల్లా లేచినా, ప్రోబు మీది సన్న మరని తిప్పి మూలలు చదును చేసుకోవాలి. వీణ వాయించేముందు తీగ సరిచూసుకోవడం లాంటిది. రెండు నిమిషాల పని. ఎవరూ చెయ్యరు.

ఇక మా మేనల్లుడికి ఒక మాట ఇచ్చాను. వాడిప్పుడు అరుగు మీద రేడియో ఇయర్‌ఫోను తీగకి ప్రోబు తగిలించి కూర్చుని ఉంటాడు. శ్రోతలు క్షమించాలి, ఒక్క నిమిషం వాడితో మాట్లాడతాను. మీ కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి కదా, మీరూ చూడొచ్చు.

ఒరేయ్, వింటున్నావా? గడికి 5 మిల్లీసెకన్లు పెట్టు. కప్లింగు ఏసీ. సోర్స్ ఛానల్ ఒకటి, మళ్లీ మర్చిపోకు. ఇప్పుడు "ఆ" అంటాను. లెవెల్ నాబు నెమ్మదిగా తిప్పు. ఆ... ఆ... ఆ... నిలబడిందా? ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది చూడు. నాది బొంగురు గొంతు, సుమారు గడిన్నరకి ఒకటి వస్తుంది. ఇప్పుడు "స్" అంటాను. స్స్స్స్... దీన్ని నిలబెట్టలేవు, ఊరికే ప్రయత్నించకు. చీపురుకట్ట విదిలించినట్టుంటుంది, దానికి తలా తోకా లేదు. ఇప్పుడు ఈల.

అయిందా? ఈల బొమ్మ సన్నగా, నున్నగా దగ్గరదగ్గరగా పడి ఉంటుంది. టైమ్ నాబు తిప్పి విడదీసుకో.

చివరగా, నేను ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటాను. గీత ఎంత పల్చగా ఉంటుందో, దాని మీద ఆ ఎలిమినేటరు వణుకు ఇంకా ఏమైనా మిగిలిందో వోల్ట్స్ నాబు పెంచి చూడు. పది సెకన్లు అడిగాను, డ్యూటీ ఆఫీసరుగారు అయిదుకే ఒప్పుకున్నారు. సిద్ధమా?

ఇదిగో, అయిదు సెకన్లు.